శుక్లం ముదిరేదాకా ఎందుకు ఆగాలి?

సంపాదకుడు గారికి,

తెలంగాణలో 2018లో, మళ్లీ 2023లో కంటి వెలుగు పేరుతో ఊరూరా పరీక్షలు జరిగాయి. స్వచ్ఛంద సంస్థల శిబిరాలు సరేసరి. అద్దాలు ఇస్తే జనం సంతోషంగా తీసుకుంటున్నారు. శుక్లానికి ఆపరేషన్ కావాలని చీటీ రాసిస్తే మాత్రం మా వైపు చాలామంది దాన్ని గూట్లో పెట్టేస్తున్నారు. అడిగితే రెండే జవాబులు: "ఇంకా ముదరలేదట", "ఎండలు తగ్గనీయండి, చలికాలంలో చూద్దాం".

ఈ మాటలు ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు పెద్ద కోత పెట్టి, మసకబారిన కంటి కటకాన్ని మొత్తంగా తీసేసేవారు. దాని స్థానంలో ఏమీ పెట్టేవారు కాదు. ఆ తర్వాత సోడాబుడ్డి అద్దాలే గతి. అందుకే చూపు దాదాపు పోయేదాకా ఆగమనేవారు. కుట్లు, కట్లు ఉండేవి కాబట్టి చెమట పట్టని కాలమే మేలనుకునేవారు.

ఇప్పుడు ఫేకో పద్ధతిలో రెండు మూడు మిల్లీమీటర్ల కోత చాలు. శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో నలగ్గొట్టి, పీల్చేసి, అక్కడే మడత లెన్సు అమరుస్తారు. ఉచిత శిబిరాల్లో ఎక్కువగా చేసే పద్ధతిలో కోత కాస్త పెద్దదే అయినా, సాధారణంగా దానికీ కుట్టు అక్కర్లేదు, చూపూ బాగా వస్తుంది. "ఫ్రీ ఆపరేషన్ కదా, ఏం చేస్తారో" అనే అనుమానం అనవసరం. లెన్సు ఖరీదు భయం కూడా పాతదే. 1992లో మదురై అరవింద్ ఆసుపత్రి వాళ్లు ఆరోల్యాబ్ పెట్టి లెన్సులు ఇక్కడే తయారు చేయడం మొదలుపెట్టాక ధరలు బాగా దిగొచ్చాయి.

శుక్లం కనిపించగానే కోయించుకోమని నేను అనడం లేదు. బియ్యంలో రాళ్లు ఏరలేకపోతున్నా, బస్సు బోర్డు చదవలేకపోతున్నా, రాత్రిపూట ఎదురొచ్చే లైట్లకు కళ్లు చెదిరిపోతున్నా ఇక ఆగాల్సిన పని లేదు. ముదిరేకొద్దీ శుక్లం గట్టిపడి ఆపరేషనే కష్టమవుతుంది. మరీ ముదిరితే కొందరికి కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు (గ్లాకోమా) వస్తాయి. దాంతో కంటి నరం దెబ్బతింటే, శుక్లం తీసినా పోయిన చూపు రాదు. షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు: శుక్లం అడ్డుగా ఉంటే వెనకున్న రెటీనా (చూపునిచ్చే పొర) ఎలా ఉందో డాక్టరుకు కనిపించదు. ఇక శుక్లాన్ని కరిగిస్తామంటూ అమ్మే చుక్కల మందులకు డబ్బు తగలేయడం శుద్ధ దండగ.

ఆగిపోయేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువని నాకనిపిస్తుంది. ముసలాయనను కొడుకు బండి మీద తీసుకెళ్తాడు. ముసలమ్మ మాత్రం "నాకేం, ఇల్లు దాటి ఎక్కడికి పోతాను" అంటుంది, ఇంట్లోవాళ్లూ సరేనంటారు. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు చుక్కల మందు వేసే మనిషి ఉండరన్నది కూడా ఒంటరివాళ్ల అసలు భయం.

అందుకే వైద్య ఆరోగ్య శాఖకు నా విన్నపం. శిబిరం అయిపోగానే, ఆపరేషన్ అవసరమైన వారి జాబితా ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఇవ్వండి. తోడు లేనివాళ్లకు బండి ఏర్పాటు చేయండి. ఆపరేషన్ తర్వాత కన్ను నొప్పి పుట్టినా, ఎర్రబడినా, చూపు తగ్గినా అదే రోజు ఎవరికి ఫోన్ చేయాలో చీటీ మీదే పెద్ద అక్షరాలతో రాయండి. సంపాదకుడు గారూ, జిల్లాలో ఏ ఆసుపత్రిలో ఏ రోజు ఉచితంగా ఆపరేషన్లు చేస్తారో మీ జిల్లా పేజీలో నెలకోసారి వేస్తే, చదివి వినిపించే మనవలు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయిని, నల్గొండ జిల్లా