చిన్ని కాగితాల సంగతి

చంద్రగిరి

సుధకు అమ్మ ఆశీర్వదించి రాసేది.

నిన్న ఫోన్లో సగం చెప్పి సగం మింగేస్తివి. పక్కన ఆయన ఉన్నట్టుంది. అందుకే, తల్లీ తండ్రీ పోయి మీ ఇంటికి వచ్చిన నీ ఆడబిడ్డ కూతురు చిన్ని సంగతి రాస్తా ఉండా. నిదానంగా చదువుకో, చదివినాక ఆయన చేతికీ ఇయ్యి.

"నా చెల్లెలి బిడ్డకు నాలుగు మెతుకులు పెట్టేదానికి గవర్నమెంటు ముందర చెయ్యి చాపాలా" అన్నాడంట కదా అల్లుడు. అట్లా అనే మనిషి నీకు మొగుడైనందుకు నాకు సంతోషమే. అయితే అంగన్‌వాడీలో పనిచేసినన్నాళ్లూ ఇట్లాంటి ఇండ్లు చానా చూసినా. అన్నం పెట్టేదానికి ఎవరూ వెనకాడరు. బిడ్డను బళ్లో చేర్చేటప్పుడు, ఆస్పత్రిలో ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు, భూమి దగ్గర మాటొచ్చినప్పుడు "మీరు ఈ బిడ్డకు ఏమవుతారు" అని అడుగుతారు చూడు, అప్పుడు నోరు పెగలదు. మనలో మేనమామంటే ఎంత! పుట్టెంట్రుకలు తీసేటప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకునేది ఆయనే, చెవులు కుట్టించేది ఆయనే. కోర్టుకు మాత్రం అది చాలదు. తల్లీ తండ్రీ పోయిన బిడ్డకు మేనమామ తనంతట తాను గార్డియన్ అయిపోడు.

కాబట్టి ముందు ఆ పని. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జిల్లా కోర్టులో అర్జీ పెట్టుకోవాల. లాయరు ఫీజు తలుచుకుని భయపడబాక. కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయం చూడకుండా ఉచితంగా లాయరును పెట్టిస్తారు. పోయే ముందు 15100కు ఫోన్ చేసి ఏమేం తీసుకుపోవాలో అడుగు.

కాగితాల్లో మనకు తిప్పట ఎక్కువ. వాళ్లమ్మ పోయింది తిరుపతి ఆస్పత్రిలో, మరణం యాడ జరిగితే ఆడనే నమోదు, కాబట్టి ఆ సర్టిఫికెట్టు తిరుపతి కార్పొరేషన్లో తీసుకోవాల. వాళ్ల నాయనది పుత్తూరులో. 2022లో జిల్లాలు విడిపోయినాక పుత్తూరు తిరుపతి జిల్లాలోకి పోయింది, మీరేమో చిత్తూరు. ఇద్దరి మరణ ధ్రువపత్రాలు, చిన్ని పుట్టిన సర్టిఫికెట్టు, ఆధార్లు అన్నీ ఒక ఫైల్లో పెట్టు. పుట్టిన సర్టిఫికెట్లో వాళ్లమ్మ పేరు ఒక రకంగా, ఆధార్లో ఇంకో రకంగా ఉందని చెప్పినావు. అది ఇప్పుడే సరిచేయించు. రేపు ప్రతి కిటికీ దగ్గరా దానికే తిప్పి పంపుతారు.

ఇంక అల్లుడు ముఖం మాడ్చుకునే విషయం. మిషన్ వాత్సల్య అనే పిల్లల సంరక్షణ పథకం కింద స్పాన్సర్‌షిప్ అని ఉంది. తల్లిదండ్రులు లేక చుట్టాల ఇంట్లో పెరిగే పిల్లలకు పద్దెనిమిదేండ్లు నిండేదాకా నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. ఇంటి ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, పట్నాల్లో 96,000 దాటకూడదని నిబంధన. మీ ఆటో సంపాదన దానికి లోపలో బయటో తహసీల్దారు ఇచ్చే ఆదాయ సర్టిఫికెట్టు చెప్తుంది. కాదనేది ఉంటే వాళ్లు కాదంటారు, మనమే ముందుగా కాదనుకుని ఇంట్లో కూర్చోవడం దేనికి? మీ వీధి అంగన్‌వాడీ టీచరును అడుగు. ఆమెకు చేతకాకుంటే అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ వాళ్లు, జిల్లా బాలల సంరక్షణ విభాగం వాళ్లు దరఖాస్తు తీసుకుంటారు. ఎవరూ పలక్కుంటే సోమవారం కలెక్టరేట్లో అర్జీ ఇచ్చి రశీదు తెచ్చుకో. రశీదు లేని అర్జీ ఇచ్చినా ఒకటే, ఇయ్యకున్నా ఒకటే. ఇంకో మాట, ఆ డబ్బు నెలనెలా టంచనుగా పడుతుందని నమ్మి చీటీ మాత్రం కట్టొద్దు.

ఇది మీకిచ్చే డబ్బు కాదు, చిన్నికి వచ్చేది. ఆమెకు రావాల్సింది మీ మర్యాద కోసం వదిలేసే హక్కు మీకు లేదని ఆయనతో చెప్పు. నేనన్నానని చెప్పు, పర్వాలేదు.

బడి గురించి దిగులొద్దు. పుత్తూరు బడి నుంచి టీసీ ఇంకా రాలేదని చేర్చుకోకుండా ఉండేదానికి లేదు, 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టాల. సచివాలయంలో చిన్ని పేరు మీ కుటుంబం కిందికి మార్పించు. తల్లికి వందనం మాదిరి పథకాలన్నీ ఆ లెక్క చూసే వస్తాయి, తల్లి లేని పిల్లలకు సంరక్షకుల పేరు చూస్తారు. హాజరు 75 శాతం ఉండాలంట, ఊరికే మానిపించబాక.

నేను సుకన్య సమృద్ధి ఖాతా తెరుద్దామని పోస్టాఫీసుకు పోతే కన్నవాళ్లు గానీ, చట్టప్రకారం గార్డియన్ గానీ రావాలన్నారు. అవ్వాతాతలు తెరిచినవాటిని కూడా 2024 అక్టోబరు నుంచి గార్డియన్ పేరుకు మార్చమన్నారంట. పదేండ్ల లోపు ఆడపిల్లకే ఆ ఖాతా. చిన్నికి ఏడు నిండినాయి. కోర్టు పని తొందరగా కానిమ్మనేది అందుకు కూడా.

వాళ్లమ్మ నగలు నీ బీరువాలో ఉన్నాయి కదా. కమ్మలు, గొలుసు, కాళ్లపట్టీలతో సహా తూకం వేయించి, జాబితా రాసి, పుత్తూరులో ఉండే చిన్ని నాయనమ్మతో, మన పక్క ఒక పెద్దమనిషితో సంతకాలు చేయించు. తర్వాత లాకర్లో పెట్టు. వాళ్ల నాయన పేరు మీదున్న మామిడి తోట సంగతీ అంతే, మైనరు ఆస్తిని కోర్టు అనుమతి లేకుండా ఎవరూ అమ్మేదానికి లేదు. అది తెలిస్తే ఆ పక్కవాళ్లూ నిమ్మళంగా ఉంటారు. వాళ్ల మీద అనుమానంతో చెప్పడం లేదు. ఆ ముసలామెకు మిగిలింది ఈ బిడ్డే, పండక్కీ పబ్బానికీ తీసుకుపోయి చూపించండి.

ఫోన్లో నువ్వు మెచ్చుకుంటా ఒక మాట చెప్పినావు. చిన్ని తిన్న పళ్లెం తానే కడిగి బోర్లించి పెడుతుందంట, లేవగానే దుప్పటి మడత పెట్టి నీ ముందర నిలబడుతుందంట. నాకది మెచ్చుకునే విషయంగా తోచలేదు సుధా. ఏడేండ్ల పిల్ల, చుట్టాలింటికి వచ్చినట్టు ఉంటా ఉంది. ఎప్పుడు పంపేస్తారో అని లోపల గుబులు. మన అబ్బోడు ఏ పొద్దైనా పళ్లెం కడిగినాడా? వాడిని తిట్టినట్టే ఈ పిల్లనూ తిట్టు, వాడికి చెప్పే పనే ఈమెకూ చెప్పు. రాత్రిళ్లు పక్క తడుపుతుందన్నావు. దానికి కొట్టొద్దు, నలుగురిలో అనొద్దు. మనసు బాధలకు సలహా చెప్పే టెలి మానస్ నంబరు 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడి సలహా చెప్తారు, డబ్బు కట్టబల్లేదు. అప్పటికీ తగ్గకుంటే తిరుపతి రుయా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకొద్దువు, నేనూ తోడొస్తా.

"కోడల్ని ఇంట్లోనే పెంచుకుంటా ఉండావే" అని ఎదురింటామె నవ్విందన్నావు. మేనత్త కూతురు కాబట్టి ఆ మాట ఇంకా చానామంది అంటారు. మొదటిసారే మొహం మీద ఆపెయ్యి. ఇద్దరు పిల్లలూ ఒకే కప్పు కింద పెరగాల, ఆ మాట చెవిన పడితే వాళ్లు ఒకరి పక్కన ఒకరు కూర్చుని హోంవర్కు కూడా చేసుకోలేరు.

దత్తత తీసుకోమని మీ పెద్దత్త తొందర పెడుతుందంట. ఇప్పుడేం తొందర లేదు. మేనమామకు ఆ దారి చట్టంలో ఉంది, 2022 నుంచి ఆ ఉత్తర్వులు కలెక్టరే ఇస్తా ఉండారు. ఐదేండ్లు దాటిన బిడ్డ ఒప్పుకోవాలని కూడా ఉంది. చిన్ని తనంతట తాను ఒప్పుకునే రోజు చూద్దాం. ఇంకొకరు తితిదే బాలమందిర్లో చేర్చమన్నారంట. ఎవరూ లేని పిల్లలకు అది మంచి నీడ. చిన్నికి మీరుండారు కదా.

సోమవారం నేను వస్తా. ఆదాయ సర్టిఫికెట్టుకు కావాల్సినవి జిరాక్సు తీయించి పెట్టు, కలెక్టరేట్‌కు ఇద్దరం పోదాం. చెనిక్కాయ ఉండలు చేసి ఇద్దరికీ ఒకే డబ్బాలో తెస్తా. కొట్టుకుంటే కొట్టుకోనీ.

ఇట్లు,
అమ్మ