కళ్ళు తెరిపించే కూర్చోబెట్టు

ఒంగోలు,
ఆదివారం

ఒరేయ్ కోటీ,

నీ ఉత్తరం చదివా. మిలిటరీ నుంచి తిరిగొచ్చిన అన్న రాత్రిళ్ళు లేచి తలుపు గడియ చూసుకోవటం, పెళ్ళిళ్ళకి రానని మొండికేయటం, చీమకుర్తి వైపు క్వారీలో పేలుడు వినపడితే ఆ పూట అన్నం మానేయటం, ఇవన్నీ మూడు పేజీలు రాసి, అసలు సంగతి చివర ఒక్క ముక్కలో అడిగావు. "ధ్యానం చేయిస్తే కుదురుకుంటాడా, యూట్యూబ్‌లో ఒకటి పెట్టి కూర్చోబెట్టనా" అని. ధ్యానం పనికొచ్చుద్దిరా. యూట్యూబ్ మాత్రం వద్దు. "కళ్ళు మూసుకోండి, శ్వాస మీద ధ్యాస పెట్టండి, మనసుని ఖాళీ చేయండి" అనే రకం అన్నలాంటి వాళ్ళకి మొదటి మెట్టు కాదు. ఆ సంగతి తెలియకే చాలామంది రెండో రోజే లేచిపోయి, "ఇది మనకి అచ్చిరాదు" అనేస్తారు.

ఎందుకో చెప్తా. ఏళ్ళ తరబడి మిలిటరీ పోస్టులో కాపలా కాసిన మనిషికి కళ్ళు మూయటమంటే డ్యూటీలో కునుకు తీసినట్టే. ఇది మన ఊరేనని బుర్రకి తెలుసు, ఒంటికి ఇంకా తెలియదు. కళ్ళు మూయంగానే తలుపు కనపడదు, వెనక ఎవరున్నారో తెలియదు, చెవులు రెట్టింపు పనిచేస్తాయి, గుండె దడ మొదలవుద్ది. ఇక శ్వాస. భయం వేసినప్పుడు ముందు పట్టేసేది చాతీయే గదా. మనకి ఊపిరి మీద ధ్యాస హాయిగా ఉంటది. అన్నకి అదే ధ్యాస చాతీలో బిగుతుని పట్టుకుని పాత సంఘటన దాకా లాక్కుపోద్ది. నిశ్శబ్దమూ అంతే. పగలంతా ఏదో పని పెట్టుకుని నెట్టేసిన జ్ఞాపకం ఖాళీ దొరగ్గానే పైకొచ్చుద్ది. దీన్ని పిరికితనం అనుకునే వాళ్ళు మీ వీధిలోనూ ఉంటారు. అప్పట్లో ప్రాణం నిలిపిన అలవాటే అది, అవసరం తీరినా వదలటం లేదు.

అందుకని కళ్ళు తెరిచే ఉంచి, బయటి నుంచి లోపలికి, పాదాల నుంచి పైకి, నిమిషాల లెక్కన పోవాలి.

ముందు చోటు చూడు. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ చాలు. నులక మంచం వద్దు, కుంగుద్ది, పాదాలు నేలకి సరిగ్గా ఆనవు. కుర్చీ వీపు గోడకి ఆనించు, ఎదురుగా వీధి తలుపు కనపడాలి. గడియ వేయాలా తీసి ఉంచాలా అనేది అన్న ఇష్టం, నువ్వు నిర్ణయించొద్దు. అగరుబత్తి వెలిగించొద్దు, పొగ వాసన కొందరిని ఒక్క క్షణంలో ఎక్కడికో తీసుకుపోద్ది. గంట కొట్టటాలు, ఫోన్‌లో గట్టి అలారాలు కూడా వద్దు. ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టి తొడ మీద ఉంచుకోమను. పొద్దున టీ తాగాక ఒకసారి, సాయంత్రం చీకటి పడకముందు ఒకసారి. మొదట్లో పడుకోబోయే ముందు మాత్రం చేయించొద్దు. అప్పుడు ఏదైనా కదిలితే రాత్రంతా దాంతోనే గడపాల్సి వచ్చుద్ది.

ఫౌజీలు కుర్చీలో కూడా సావధాన్‌లోనే కూర్చుంటారు, నువ్వూ గమనించే ఉంటావు. భుజాలు బిగించి, మెడ నిటారుగా. విశ్రామ్ అని చెప్పు, వీపు గోడకి వాల్చనీ. వెన్ను కర్రలా ఉండాలనే నియమం ఇక్కడ లేదు.

కూర్చోగానే ఒక అంకె చెప్పమను. 0 అంటే నిమ్మళం, 10 అంటే తట్టుకోలేనంత. 5 లోపుంటేనే మొదలుపెట్టాలి. చెప్పులు విప్పి రెండు పాదాలూ గచ్చు మీద పెట్టించు. మొదటి నిమిషం కళ్ళకి. కనపడే వాటిలో మూడింటిని ఒక్కొక్కటే తీరిగ్గా చూడాలి. నీలం బిందె, తలుపు గొళ్ళెం, క్యాలెండర్‌లో ఎర్ర అంకె. రెండో నిమిషం చెవులకి. దగ్గరి నుంచి దూరానికి మూడు చప్పుళ్ళు. ఫ్యాన్, పక్కింటి మేక, రోడ్డు మీద ట్రాక్టర్. మూడో నిమిషం పాదాలకి. చూపు నాలుగైదు అడుగుల దూరంలో నేల మీద వదిలేసి, మడమ, పాదం బయటి అంచు, బొటనవేలు ఎక్కడెక్కడ ఆనుతున్నాయో, గచ్చు చల్లగా ఉందో లేదో గమనించటం. తెలియకపోతే పాదాన్ని నేలకేసి ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా నొక్కి వదలమను, అప్పుడు తెలిసొచ్చుద్ది. మధ్యలో మనసు ఎటో పోద్ది, పోనీ. "ఆలోచన" అని లోపల ఒక మాట అనుకుని మళ్ళీ పాదాల దగ్గరికి రావటమే. ఆ తిరిగి రావటమే అసలు సాధన. "మనసు నిలవలేదురా, పదిసార్లు పోయింది" అని అన్న అంటే, పదిసార్లు తిరిగొచ్చినట్టేగా అని చెప్పు.

అయిపోయాక మళ్ళీ అంకె అడుగు. ముందుకన్నా రెండు పెరిగినా, మధ్యలో 6 దాటినా, ఆపి లేచి నడవాలి. "ఇంకాసేపు ఓర్చుకో, అదే పోద్ది" అనే మాట నీ నోట రాకూడదు. ఎప్పుడంటే అప్పుడు ఆపొచ్చని తెలిస్తేనే మర్నాడు మళ్ళీ కూర్చుంటాడు.

మూడు నిమిషాలేనా అని నువ్వు పెదవి విరుస్తావని తెలుసు. పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో వేడి ఒకేసారి పెంచితే ఆకు ఏమవుద్దో నాకన్నా నీకే బాగా తెలుసు. ఇదీ అంతే. మొదటి రెండు వారాలు మూడు నిమిషాలే. మూడు, నాలుగు వారాల్లో నడక కలుపు. వసారాలో ఈ చివర నుంచి ఆ చివరకి పన్నెండు అడుగులు, మామూలుకన్నా కొంచెం నెమ్మదిగా, మడమ, అరికాలు, వేళ్ళు ఆనటం తెలిసేటట్టు. కవాతు నడక వచ్చేస్తుంటే చేతులు వెనక్కి కట్టుకోమను. కూర్చోలేని వాళ్ళకి ఇదే ఎక్కువ పనిచేసిద్ది, అన్నకి కూర్చోవటం పడకపోతే నడకతోనే సరిపెట్టు, తప్పేం లేదు. ఐదో వారంలో ఊపిరి, అదీ చాతీలో కాదు, బొడ్డు మీద చెయ్యి వేసుకుని ఒక్క నిమిషం. నాలుగు లెక్కపెట్టే దాకా తీసుకుని ఆరు లెక్కపెట్టే దాకా వదలటం. బిగబట్టటాలు వద్దు. ఊపిరి పట్టేసినట్టనిపిస్తే పాదాల దగ్గరికి వచ్చేయటమే. ఆరో వారం నుంచి ధ్యాసని పాదాల నుంచి మోకాళ్ళ దాకా తీసుకుపోవచ్చు. దెబ్బ తగిలిన చోటుని మాత్రం వదిలేసి పోవాలి. చాతీలో, కడుపులో బిగుతు తెలిస్తే రెండు ఊపిర్లు దాన్ని చూసి వెంటనే మళ్ళీ పాదాలకి. ఎనిమిది వారాలకి పదిహేను నిమిషాలకి చేరితే బాగానే చేసినట్టు.

ఒక్క విషయం మాత్రం నువ్వూ వదినా బాగా గుర్తుంచుకోండి. మనిషి కదలడు మెదలడు, అరగంట అట్టానే కూర్చుంటాడు. ఎంత బాగా కుదిరిందో అని ఇంట్లో సంబరపడతారు. కొన్నిసార్లు అది ధ్యానం కాదు, మనిషి అక్కడ లేనట్టే. చూపు ఎక్కడా ఆనదు, పిలిస్తే రెండు మూడుసార్లకి గాని పలకడు, చేతులు చల్లబడతాయి, లేచాక ఎంతసేపైందో చెప్పలేడు. తట్టుకోలేనప్పుడు ఒళ్ళు మొద్దుబారిపోయి తప్పించుకునే దారి అది. అట్టా కనపడితే దగ్గరికి పోయి కుదపొద్దు. ఎదురుగా, రెండు బారల దూరంలో నిలబడి పేరు పెట్టి పిలువు. ఈరోజు ఏ వారమో, ఇది ఎవరిల్లో చెప్పు. పాదాలు నొక్కమను, ముఖం మీద చన్నీళ్ళు చల్లుకోమను, లేచి నడవమను. మర్నాడు సగం సేపే చేయించు. రాత్రి పీడకలలో కేకలు పెట్టినప్పుడూ ఇదే పద్ధతి. భుజం పట్టి లేపొద్దని వదినకి గట్టిగా చెప్పు, నిద్రమత్తులో చెయ్యి విసిరేస్తాడు. లైటు వేసి, మంచం కాళ్ళ వైపు నిలబడి పిలవాలి.

క్వారీ పేలుళ్ళ సంగతి అడిగావు. ఉలికిపాటు ధ్యానంతో పోదు, అది ఒంటి లక్షణం. తగ్గేది ఆ తర్వాత నడిచే తంతు. ఇవాళ పూటంతా పట్టేది కొన్నాళ్ళకి అరగంటకి రావచ్చు. పేల్చే ముందు సైరన్ మోగుతుందిగా, దాన్నే వాడుకోండి. సైరన్ వినపడగానే కూర్చుని పాదాలు ఆనించి, "ఇది క్వారీ, ఇది మన ఊరు, ఇవాళ మంగళవారం" అని పైకే అనుకోవాలి. పేలాక మూడు వస్తువులు చూసి, లేచి మంచినీళ్ళు తాగాలి. దీపావళికీ, తిరునాళ్ళకీ ఇదే పనికొచ్చుద్ది. కానీ మొదటి ఏడాదే జనంలోకి లాక్కుపోయి పరీక్ష పెట్టొద్దు.

ఇదంతా ఎక్కడిదని అడుగుతావు. మూలం మన బౌద్ధుల ఆనాపానసతే, అంటే ఊపిరి మీద ధ్యాస నిలపటం. 1979లో జాన్ కబాట్-జిన్ అనే ఆయన అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యశాలలో, ఏ మందుకీ లొంగని నొప్పులున్న వాళ్ళకోసం దాన్ని ఎనిమిది వారాల కోర్సుగా మలిచాడు. వారానికోసారి రెండున్నర గంటల తరగతి, ఇంటి దగ్గర రోజూ నలభై ఐదు నిమిషాల సాధన. సైనికుల మీద పరీక్షలు తర్వాత వచ్చాయి. 2015లో అచ్చయిన ఒక పరీక్షలో, అమెరికాలోనే మినియాపోలిస్‌లో పీటీఎస్‌డీ (ఘోరమైన సంఘటన తర్వాత మనసుని వదలని జబ్బు) ఉన్న 116 మంది మాజీ సైనికులని రెండు జట్లు చేసి ఒక జట్టుకి కబాట్-జిన్ కోర్సు, అంటే ఈ మైండ్‌ఫుల్‌నెస్, ఇంకో జట్టుకి మామూలు బృంద చికిత్స ఇచ్చి చూశారు. మైండ్‌ఫుల్‌నెస్ చేసిన వాళ్ళే తమ బాధ ఎక్కువ తగ్గిందన్నారు. కానీ జబ్బు పేరే చెరిగిపోయిన వాళ్ళ లెక్కలో రెండు జట్ల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. అందుకే 2023లో అక్కడి వెటరన్స్ (మాజీ సైనికుల) శాఖ, రక్షణ శాఖ కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో మొదటి వరస దీనికి ఇవ్వలేదు. జరిగినదాన్ని నిపుణుడి ముందు పద్ధతి ప్రకారం తిరగదోడి మాట్లాడే చికిత్సలకి ఇచ్చారు. మైండ్‌ఫుల్‌నెస్‌ని "చేయొచ్చు" అనే స్థాయిలోనే ఉంచారు. నా లెక్క కూడా అదే. ఆ చికిత్సని తట్టుకునే ఓపిక ఇది ఇచ్చుద్ది, దాని బదులు మాత్రం ఇది సరిపోదు. పైగా మనుషుల్ని తప్పించుకోవటానికి ధ్యానం కూడా ఒక సాకు కాగలదు. "నేను కూర్చోవాలి" అని ప్రతి పిలుపుకీ గదిలోకి పోతుంటే కనిపెట్టు. తోటివాడు పోయి తను మిగిలానన్న బాధ ఉంటే అదీ పాదాలు చూసుకుంటే తీరేది కాదు, మనిషితో చెప్పుకోవాల్సిందే. అట్టాగని "అక్కడేం జరిగింది, చెప్పు" అని నువ్వు తవ్వొద్దు, ఆ పని తెలిసిన వాళ్ళు వేరే ఉన్నారు. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉందిగా, పాలిక్లినిక్‌లో సైకియాట్రిస్టుకి రిఫరల్ రాయించు. అది ఆలస్యమయ్యేటట్టుంటే ఇక్కడ ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) ఓపీకి తీసుకురా. పది రోజుల మౌన శిబిరానికి పంపుతానన్నావు, ఇప్పుడొద్దు. డాక్టరు సరేనన్నాక చూద్దాం.

మిలిటరీ క్యాంటీన్ రమ్ము సంగతి నువ్వు దాటేశావు గాని నాకు తెలియదా. రెండు పెగ్గులు పడితే నిద్ర పట్టుద్ది, నిజమే. ఆ నిద్ర తెల్లవారుజామున చెదిరిపోద్ది, పీడకలలు ఎక్కువయ్యేది అప్పుడే. అట్టాగని రోజూ గట్టిగా తాగే మనిషిని ఒక్కసారిగా మానిపించొద్దు, వణుకు, ఫిట్స్ దాకా పోద్ది. డాక్టరు చూస్తుండగానే తగ్గించాలి. తాగిన పూట సాధన మానేయటమే మేలు.

ఇంకొకటి, మొహమాటపడకుండా చెయ్యి. అన్న బ్యాంకు గార్డు గదా, లైసెన్సు తుపాకీ ఇంట్లోనే ఉంటది. "నేను లేకపోతే మీరే సుఖంగా ఉంటారు" లాంటి మాట ఒక్కసారి అన్నా, ఉన్నట్టుండి వస్తువులు పంచిపెట్టినా, ఆ తుపాకీ ఇంట్లో ఉండకూడదు. పోలీస్ స్టేషన్లో గాని లైసెన్సున్న డీలరు దగ్గర గాని డిపాజిట్ చేయొచ్చు, రసీదు ఇస్తారు. చచ్చిపోవాలనుందా అని సూటిగానే అడుగు, అడిగితే లేని ఆలోచన పుట్టదు. ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ టెలీమానస్ నంబరు 14416, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, వదిన ఫోన్లో కూడా వేసిపెట్టు. అట్టాంటి రోజున ధ్యానం ఊసెత్తకుండా, మనిషిని ఒంటరిగా వదలకుండా తిన్నగా ఆసుపత్రికి తీసుకురా.

అన్న వాడే మందుల చీటీ ఫోటో తీసి పంపు. ముఖ్యంగా ఆ రాత్రి మాత్ర పేరు కావాలి. అది ఆల్ప్రాజోలమో క్లోనజెపామో అయితే ఈ జబ్బుకి మంచిది కాదని ఆ అమెరికా మార్గదర్శకాల్లోనే ఉంది. అయినా నీ అంతట నువ్వు ఆపించొద్దు, డాక్టరే మెల్లగా తగ్గించాలి. చీటీ చూశాక ఫోన్ చేస్తా.

నీ
ప్రసాదు