కొత్త పూల్‌లో నీళ్ళు తెల్లగా మసకబారితే

బరంపురం, పర్లాకిమిడి సభ్యులందరికీ నమస్కారం. గోపాల్‌పూర్ దారిలో మా తోటలో ఈమధ్యే స్విమ్మింగ్ పూల్ కట్టించాం కదా, నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా తయారై వారం రోజులు ఒకటే టెన్షన్. రెండో మెట్టు కనిపించేది, మూడోది కనిపించేది కాదు.

మసక చూసినప్పుడల్లా బ్లీచింగ్ పౌడర్ వేస్తూ పోయాను, అదే తప్పు. మా బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ, ఆ పౌడర్‌లోనూ సున్నం ఉంటుంది. పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) పెరిగేసరికి ఆ సున్నమంతా విడిపోయి నీళ్ళు ఇంకా తెల్లబడ్డాయి. అందుకే ముందు టెస్ట్ కిట్ కొనండి. పీహెచ్‌ని 7.2 నుంచి 7.6 మధ్యకు తెచ్చాకే క్లోరిన్ జోలికి వెళ్ళండి. అదీ పొద్దువాలాక వేయాలి, ఎండకు క్లోరిన్ నిలవదు. పీహెచ్ తగ్గించడానికి వేసే యాసిడ్‌నీ క్లోరిన్‌నీ ఒకే బకెట్‌లో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

అసలు పని చేసేది ఫిల్టరే. రాత్రింబవళ్ళు ఆపకుండా తిప్పాను. ఫిల్టర్ మీద ప్రెషర్ ముల్లు మామూలు కంటే 8–10 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) పైకెక్కితే బ్యాక్‌వాష్ చేయాలి, అంటే నీళ్ళను వెనక్కి తిప్పి ఫిల్టర్‌ని కడగాలి. మూడో రోజు పొద్దున అడుగున టైల్స్ మధ్య గీతలు కనిపించాయి, ప్రాణం లేచొచ్చింది!

మసక పోవడానికి పటిక వేయొచ్చా అని అడిగిన తమ్ముడికి: పటిక మురికిని అడుక్కి దించుతుంది, కానీ ఆ మడ్డిని ఫిల్టర్‌లోకి పోనివ్వకుండా నేరుగా బయటికి లాగేయాలి.

అడుగు స్పష్టంగా కనిపించేదాకా పిల్లల్ని దించకండి, దయచేసి. మసక నీళ్ళలో మునిగిన బిడ్డ గట్టు మీద నిలబడ్డవాళ్ళకు కనిపించదు.