పీఆర్వో కావాలంటే ముందు ప్రెస్‌నోట్ రాయడం రావాలి

సంపాదకులకు,

‘సెలబ్రిటీ పబ్లిసిస్ట్’ ఉద్యోగం గురించి ఇటీవల మీ యువత పేజీలో వచ్చిన వ్యాసం చదివాం. తారలతో పరిచయాలు, పార్టీలు, విమాన ప్రయాణాలు, సోషల్ మీడియాలో లక్షల మంది అనుచరులు... చదివిన కుర్రాళ్ళకు రేపే బండెక్కి చెన్నైలో దిగాలనిపించేలా ఉంది. పక్కనే ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ప్రకటన కూడా వేశారు కాబట్టి ఆ ఊపెందుకో అడగక్కర్లేదు. చెన్నైలో వడపళని, సాలిగ్రామం చుట్టుపక్కల తెలుగు, తమిళ సినిమాలకు ఈ పనే చేసి బతుకుతున్నవాళ్ళం. మా వాడుకలో దీని పేరు పీఆర్వో, అంటే సినిమాకో తారకో పత్రికలతో, టీవీలతో వ్యవహారం చూసేవాడు. వ్యాసంలో రాయకుండా వదిలేసిన సంగతులే అసలు పని అని మా ఉద్దేశం.

ముందు ఎవరి పని ఏదో తెలియాలి. కాల్షీట్లు (షూటింగుకు తార ఇచ్చే తేదీలు), పారితోషికం మాట్లాడేది మేనేజరు. ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ ఖాతాలు చూసుకునేది డిజిటల్ టీమ్. సినిమా పీఆర్వోని నిర్మాత పెట్టుకుంటాడు. సినిమా మొదలుపెట్టే పూజ రోజు నుంచి అది థియేటర్లలోంచి దిగేదాకా ఆ ఒక్క సినిమాకే అతని పని. తారకు సొంత పీఆర్వో వేరే ఉంటాడు. సినిమా ఉన్నా లేకున్నా అతనికి నెలనెలా డబ్బొస్తుంది, తార పేరు చెడకుండా చూడటం అతని బాధ్యత. విడుదల వారంలో వీళ్ళిద్దరికీ పడదు. నిర్మాత తరఫువాడు పది ఇంటర్వ్యూలు కావాలంటాడు, తార తరఫువాడు మూడు చాలంటాడు. కొత్తగా వచ్చినవాళ్ళు తాము ఎవరి డబ్బు తీసుకుంటున్నారో మరిచిపోయి నడిమధ్య నలిగిపోయేది ఇక్కడే.

ఈ వృత్తి పత్రికల్లోంచి పుట్టింది. తమిళంలో తొలి సినిమా పీఆర్వోగా చెప్పుకునే ఫిల్మ్ న్యూస్ ఆనందన్ కెమెరా పట్టుకుని, పత్రికలకు స్టిల్స్ (సినిమా ఫొటోలు) అందిస్తూ పైకొచ్చారు. 1958లో ఎంజీఆర్ ‘నాడోడి మన్నన్’తో ఆయన పీఆర్వో అయ్యారు. వచ్చిన ప్రతి సినిమా వివరమూ రాసిపెట్టుకునే అలవాటు ఆయనది. ఆ సేకరణను చివరికి తమిళనాడు ప్రభుత్వమే తీసుకుంది. తెలుగులో బి.ఎ. రాజు మద్రాసులోనే సినిమా జర్నలిస్టుగా, హీరో కృష్ణ దగ్గర పీఆర్వోగా మొదలై, తర్వాత సొంతంగా సినిమా పత్రిక నడిపారు. ఇద్దరికీ డెస్క్‌కు, అంటే పత్రికలో వార్తలు దిద్ది పేజీలు కట్టేవాళ్ళకు, ఏం కావాలో తెలుసు. ఇప్పుడొచ్చేవాళ్ళలో చాలామందికి తారకు ఏం కావాలో మాత్రమే తెలుసు.

డెస్క్‌కు కావలసింది ప్రెస్‌నోట్, అంటే వార్తగా వేసుకోవడానికి మనం రాసి పంపే కాగితం. రెండు వందల మాటలు దాటితే ఎలాగూ కోస్తారు, కోసేది కింది నుంచి. అందుకే సినిమా పేరు, బ్యానరు, దర్శకుడు, నాయికానాయకులు, ఈ రోజు కొత్తగా జరిగిందేమిటి అన్నవి మొదటి నాలుగు వాక్యాల్లో పడిపోవాలి. సాంకేతిక నిపుణుల పట్టిక చివర్లో. ‘సెన్సేషనల్’, ‘మోస్ట్ అవెయిటెడ్’ లాంటివి రాయకపోతే నిర్మాతకు కోపం, రాస్తే సబ్ఎడిటరుకు విసుగు. మేమైతే సబ్ఎడిటరు వైపే మొగ్గుతాం, నిర్మాతకు సర్దిచెప్పుకోవచ్చు. నోట్ యూనికోడ్‌లో టైపు చేసి మెయిల్‌లోనే అతికించాలి. పీడీఎఫ్, స్క్రీన్‌షాట్ పంపితే అవతల మళ్ళీ టైపు చేసుకోవాలి, అంత తీరిక ఎవరికుంటుంది? యూనికోడ్ కాని పాత అను ఫాంట్లు వాడే డెస్క్‌లు ఇంకా ఉన్నాయి. యూనికోడ్‌ను వాటిలోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి కాబట్టి పేర్లు సరిగ్గా పడ్డాయో లేదో ఒకసారి ఫోన్ చేసి అడగడం తప్పు కాదు.

చెన్నై నుంచి తెలుగు పత్రికలకు రాసేవాళ్ళకు పేర్లతో ఇంకో తంటా ఉంది. తమిళంలో క, గలకు ఒకటే అక్షరం, త, దలకూ అంతే. తమిళ నోట్ చూసి దింపినా, దాని ఇంగ్లీషు స్పెల్లింగు చూసి దింపినా కదిర్ కాస్తా కతిర్ అయిపోతాడు, యాళిని (ఇంగ్లీషులో Yazhini) యాజిని అయిపోతుంది. పూజ నాడే నటీనటుల, నిపుణుల పేర్లన్నీ తెలుగు లిపిలో రాసి, ఎవరి పేరు వాళ్ళకే చదివి వినిపించి ఖాయం చేసుకోవాలి. అదే పట్టిక పోస్టరు డిజైనరుకూ, ట్రైలరు ఎడిటరుకూ పోవాలి. పోస్టరు మీద ఒకలా, నోట్‌లో ఒకలా, టైటిల్స్‌లో మరోలా పేరు పడ్డ సినిమాలు డబ్బింగుల్లో కొల్లలు.

ఫొటోల విషయంలో ఎన్నిసార్లు చెప్పినా జరిగే పొరపాటు ఒకటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. డ్రైవ్ లింకు పంపితే అది ఎవరైనా తెరిచేలా ఉందో లేదో వేరే ఫోన్‌లో చూసుకోవాలి. లేదంటే సాయంత్రం పేజీ కట్టే వేళకు అక్కడ ‘అనుమతి కోరండి’ అని కనిపిస్తుంది, మీరేమో ఆడియో ఫంక్షన్‌లో ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుని ఉంటారు, ఆ జాగాలో ఇంకో సినిమా ఫొటో పడిపోతుంది. పొడవు వైపు రెండు వేల పిక్సెళ్ళకు తగ్గకుండా, నిలువువి రెండు, అడ్డంవి రెండు ఇవ్వాలి. ఒకటైనా టైటిల్ అక్షరాలు లేకుండా ఉండాలి. రాత్రి సన్నివేశాల స్టిల్స్ ఫోన్‌లో ఎంత అందంగా ఉన్నా పత్రికకు పనికిరావు. న్యూస్‌ప్రింట్ సిరాను పీల్చుకుంటుంది, నీడలన్నీ నల్లటి మచ్చలవుతాయి. ఎడమ నుంచి కుడికి ఎవరెవరో రాయడం మాత్రం మరవకూడదు. సంక్రాంతి, ఉగాది ప్రత్యేక పేజీలకు పది పదిహేను రోజుల ముందే అడుగుతారు కాబట్టి ఎక్కడా వాడని స్టిల్స్ కొన్ని దాచుకోవాలి.

ప్రెస్‌మీట్ నడపడం దీనికంటే కష్టం. ముందు రోజు పిలుపు, ఆ రోజు పొద్దున గుర్తుచేయడం, మెట్రో పనులున్న ఆర్కాట్ రోడ్డు మీద పట్టే సమయం కలుపుకుని వేళ పెట్టుకోవడం, ఇవన్నీ నెల రోజుల్లో వచ్చేస్తాయి. రానిది హాలు సర్దుకోవడం. వీడియో కెమెరాలకు వెనక ఎత్తు వేదిక వేయాలి, లేకపోతే ముందు వరసలో ట్రైపాడ్‌లు నిలబెట్టి, రాసుకునే విలేకరులకు మనుషుల వీపులు మిగిలిస్తారు. సౌండ్ బాక్సు నుంచి అందరికీ ఆడియో లైన్ ఇస్తే వేదిక మీద మైకుల గుత్తి ఉండదు. ఫొటోలు ముందు, మాటలు తర్వాత. తార వచ్చేసరికి అరగంట ఎలాగూ ఆలస్యం. నోట్ ముందే సిద్ధం చేసుకోవచ్చు గానీ, మాట్లాడకముందే మాటలు పంపకూడదు. రాని అతిథి ‘చిత్రం ఘన విజయం సాధించాలని ఆకాంక్షించారు’ అని అచ్చయిన వార్తలు మీ పాత సంచికల్లోనూ దొరుకుతాయి.

ప్రశ్నలడిగే మైకు పీఆర్వో చేతిలోంచి పోకూడదు. 2025 నవంబరులో చెన్నైలో ఒక ప్రెస్‌మీట్‌లో కథానాయిక బరువు గురించిన ప్రశ్న మీద పెద్ద గొడవ జరిగింది. జవాబు చెప్పుకోవలసిన భారం ఆ అమ్మాయి మీదే పడింది, వేదిక మీద పక్కనున్నవాళ్ళు గమ్మున ఉండిపోయారు. అలాంటప్పుడు పీఆర్వో ముందుకొచ్చి ‘ఈ ప్రశ్న తీసుకోం, తర్వాతది అడగండి’ అని మైకు ఇంకొకరికి మార్చాలి. విలేకరితో వాదం పెట్టుకోకూడదు, కెమెరాలకు కావలసింది ఆ వాదమే. ముందు రాత్రే ఇబ్బంది పెట్టే ప్రశ్నలు ఒక పది రాసి తార చేత జవాబులు చెప్పించుకోవాలి. ప్రశ్నలన్నీ ముందే రాసిమ్మని విలేకరులను అడిగే పీఆర్వోలు కొందరున్నారు. అడిగితే ఆ రోజు వార్త అదే అవుతుంది.

జబ్బు, విడాకులు, మరణం లాంటి వార్తలప్పుడు మనిషి తెలుస్తాడు. 2020 ఆగస్టులో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు చెన్నై ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆసుపత్రి బులెటిన్లు ఇస్తుండేది, కొడుకు చరణ్ వీడియోల్లో చెబుతుండేవారు. ఆగస్టు 24న ఆయనకు కొవిడ్ నెగెటివ్ వచ్చిందని ఒక మాట పుట్టి క్షణాల్లో పాకింది. అది నిజం కాదని చరణే మళ్ళీ వీడియో పెట్టవలసి వచ్చింది. ఆసుపత్రితో మాట్లాడాకే తను ఏదైనా చెబుతానని అప్పుడు స్పష్టం చేశారు. ఈ పని నేర్చుకునేవాళ్ళకు ఆ పద్ధతే కొలత. ఒక్క నోరే మాట్లాడాలి, ఆధారం ఒక్కటే ఉండాలి, ప్రతి మాటకూ తేదీ, గంట రాసి ఉండాలి. మీకు తెలియని దాన్ని ఖండించకూడదు. ‘కుటుంబంతో మాట్లాడి సాయంత్రం ఆరింటికి చెబుతాం’ అని పంపి, ఆరింటికి చెప్పడానికేమీ లేకపోయినా ఆ ముక్కే పంపాలి. ఒక్కసారి అబద్ధం చెప్పి దొరికితే తర్వాత మీ నిజమైన ఖండన కూడా ఎవరూ వెయ్యరు.

విడుదలయ్యాక వసూళ్ళ పోస్టర్ల గోల. గ్రాస్ అంటే టికెట్ల మొత్తం డబ్బు. అందులోంచి జీఎస్టీ పోవాలి. 2025 సెప్టెంబరు నుంచి వంద రూపాయల దాకా టికెట్‌కు 5 శాతం, ఆపైన 18 శాతం. తమిళనాడులో స్థానిక సంస్థల వినోదపు పన్ను అదనం. మిగిలింది నెట్. అందులో థియేటరు భాగం తీసేశాక వచ్చేది షేర్. గ్రాస్‌ను షేర్ అని రాసి పంపితే మొదట నవ్వేది డిస్ట్రిబ్యూటరే. అంకె నిర్మాతది, పంపేది మీరు అయినప్పుడు ‘నిర్మాణ సంస్థ ప్రకటించిన ప్రకారం’ అన్న మాట లేకుండా పంపకండి. రివ్యూలు ఆపించమని కూడా పీఆర్వోనే పోరుతారు. 2024 డిసెంబరులో తమిళ నిర్మాతల సంఘం ఒకటి తొలి మూడు రోజులు ఆన్‌లైన్ రివ్యూలు ఆపాలని మద్రాసు హైకోర్టుకు వెళ్తే, అభిప్రాయం చెప్పడం భావప్రకటన స్వేచ్ఛేనంటూ కోర్టు మధ్యంతర ఉత్తర్వులివ్వలేదు. కోర్టు చెయ్యనిది పీఆర్వో ఫోన్ చేసి ఎలా చెయ్యగలడు?

తార సొంత పీఆర్వోగా పనిచేసేవాళ్ళు వినియోగదారుల చట్టం చదవాలి. డబ్బు గానీ, ఉచిత వస్తువు గానీ తీసుకుని పెట్టిన పోస్టు ప్రకటన అని చూడగానే తెలిసేలా ఉండాలి. హ్యాష్‌ట్యాగుల గుంపు చివర దాచితే చెల్లదు. పోస్టు తెలుగులో ఉంటే ఆ మాటా తెలుగులోనే ఉండాలి, వీడియో అయితే చూపులోనూ మాటలోనూ రావాలి. తప్పుదారి పట్టించే ప్రకటన అని తేలితే మొదటిసారి 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. తారను ఏడాది పాటు, మళ్ళీ జరిగితే మూడేళ్ళ దాకా ప్రకటనల్లో కనిపించకుండా ఆపొచ్చు. క్యాప్షన్ రాసిచ్చేది మీరే కాబట్టి తిట్లూ మీకే.

ఇక డబ్బు. ఒప్పందం నోటిమాటగా ఉంటే చివరి వాయిదా రాదని అనుకోవచ్చు, ఎందుకంటే సినిమా విడుదలయ్యాక పీఆర్వో అవసరం ఎవరికీ ఉండదు. మూడో వంతు ఒప్పుకున్న రోజు, మూడో వంతు ట్రైలరు నాటికి, మిగిలింది విలేకరులకు సినిమా చూపించే ప్రెస్‌షోకి ముందే తీసుకోవాలి. ఎన్ని నోట్‌లు, ఎన్ని ప్రెస్‌మీట్లు అన్నది కాగితం మీద ఉండాలి. హాలు అద్దె, బ్యాక్‌డ్రాప్, భోజనాలు, ఫొటోగ్రాఫరు మీ ఖాతాలో కావని కూడా రాయించుకోవాలి. విలేకరులకు డబ్బు పెట్టి ఇచ్చే ‘కవర్ల’ సంగతి మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఆ డబ్బు మీ చేతిమీదుగా వెళ్ళనివ్వకండి. కొత్తవాళ్ళ పేరు ముందు చెడేది అక్కడే. వృత్తి ఫీజు మీద 10 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు, రిటర్న్ వేస్తే లెక్కలో కలుస్తుంది. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, బిల్లుపై 18 శాతం వెయ్యాలి. చిన్న సంస్థల కోసం కేంద్రం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు ఉచితం. ఉంటే చిన్న సంస్థకు ఒప్పందం ప్రకారం ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో బాకీ తీర్చాలన్న నిబంధన మీకూ వర్తిస్తుంది. నిర్మాత గారి ఆఫీసుకు తిరిగి తిరిగి చెప్పులరగదీసుకునేకంటే ఒక నోటీసు నయం.

ఈ పని ఆరు వారాల్లో రాదు. ఏదైనా పత్రిక డెస్క్‌లో ఏడాది కూర్చోవడం, ఆ తర్వాత ఒక సీనియర్ దగ్గర రెండు మూడు సినిమాలకు సహాయకుడిగా తిరగడం మాకు తెలిసిన దారి. తెలుగు టైపింగు, తమిళం చదవడం వస్తే చెన్నైలో పని దొరుకుతుంది. తమిళ సినిమాలు తెలుగులోనూ ఒకేసారి విడుదల చేయడం మామూలైపోయింది కదా, హైదరాబాదు వేదిక మీద తమిళ హీరో చెప్పే నాలుగు తెలుగు ముక్కల్ని తమిళ లిపిలో రాసిచ్చేవాళ్ళూ కావాలి.

మీ పత్రికకు ఒక విన్నపం. రోజూ మీ సినిమా డెస్క్‌కు వచ్చే నోట్‌లలో అడుగున పంపినవాళ్ళ పేరు, ఫోన్ నంబరు లేనివి వెయ్యకండి. ఉన్నవాటిలోనూ వసూళ్ళ అంకెలు, ఆరోగ్యం కబుర్లు ఉంటే ఒకసారి ఆ నంబరుకు ఫోన్ చెయ్యండి. ఎత్తనివాళ్ళ నోట్ మర్నాటికి ఆపండి. సినిమా పేజీ ఎన్ని గంటలకు మూస్తారో, మెయిల్ ఏ చిరునామాకు పంపాలో వారానికోసారి ఆ పేజీ అడుగునే ఒక లైను వేస్తే, కొత్తవాళ్ళు రాత్రి తొమ్మిదింటికి మీ సబ్ఎడిటర్లకు ఫోన్ చేసే బెడద కూడా కొంత తగ్గుతుంది.

ఇట్లు,
చెన్నైలో సినిమా ప్రచార విభాగంలో పనిచేస్తున్న కొందరు తెలుగువాళ్ళు,
వడపళని, చెన్నై