వీపు నొప్పి చికిత్సలో జరిగిన గాయం, ప్యాకేజీ సొమ్ము వాపసు గురించి ఫిర్యాదు

హైదరాబాదు,
24-03-2025.

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: వీపు పైభాగపు నొప్పికి మీ శాఖలో చేసిన కైరోప్రాక్టిక్ (వెన్నుపూసలను చేతులతో తోసి సరిచేస్తామనే పద్ధతి) చికిత్స వల్ల కలిగిన గాయం, సొమ్ము వాపసు.

ఆర్యా,

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిగా పనిచేసి నిరుడు పదవీ విరమణ చేశాను. ముప్పై ఏళ్లకు పైగా నల్లబల్ల మీద రాసి, రాత్రిళ్లు తల వంచుకుని జవాబు పత్రాలు దిద్దినదాన్ని కాబట్టి మెడ కింద, రెండు రెక్కల నడుమ పట్టేసే నొప్పి నాకు కొత్త కాదు. ఈ చలికాలంలో జడ వేసుకోవడానికి చేయి వెనక్కి పెట్టలేనంతగా అది పెరగడంతో, జనవరి 6న మా ఇంటికి దగ్గరలో ఉన్న మీ శాఖకు వచ్చాను.

అక్కడ నన్ను ముందుగా కూర్చోబెట్టుకున్నది ప్యాకేజీలు అమ్మే కౌన్సెలర్. ఆమె ఇచ్చిన ఫారంలో నాకు ఉబ్బసం ఉందనీ, దానికి పన్నెండేళ్లుగా తరచు ప్రెడ్నిసోలోన్ (ఎక్కువ కాలం వాడితే ఎముకలను బలహీనపరిచే స్టిరాయిడ్) మాత్రలు వాడవలసి వస్తోందనీ, ఎముకల సాంద్రత తెలుసుకోవడానికి నిరుడు చేయించుకున్న డెక్సా పరీక్షలో టీ స్కోరు మైనస్ 2.8 వచ్చిందనీ స్పష్టంగా రాశాను. మైనస్ 2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్లేనని మీ సంస్థకు నేను చెప్పనక్కరలేదు. ఆమె ఉబ్బసం అన్న మాట దగ్గర ఆగి, వెన్నుపూసలు సరిచేస్తే ఊపిరి కూడా తేలికపడుతుందనీ, కొందరు ఇన్‌హేలర్ మానేశారనీ చెప్పి, మీ కరపత్రంలో ఆ వాక్యాన్ని వేలు పెట్టి చూపించింది. దాని కింది పంక్తిలోనే ఉన్న మాత్రల పేరు మీద మాత్రం ఎవరి కన్నూ పడలేదు. ఒక పంక్తి అమ్మకానికి అక్కరకొచ్చింది కాబట్టి చదివారు; రెండోది చదివి ఉంటే ఆ అమ్మకం అక్కడే ఆగిపోయేది. నా ఫిర్యాదుకు మూలం ఇదే.

పన్నెండు కైరోప్రాక్టిక్, ఎనిమిది మసాజ్, మొత్తం 20 సిట్టింగులు అవసరమని అప్పటికప్పుడే తేల్చారు. నా వీపు మీద ఇంకా ఎవరూ చేయి కూడా వేయలేదు. సిట్టింగుకు 1,500 చొప్పున 30,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీ 5,400, వెరసి 35,400 రూపాయలు చెల్లించాను. ప్రకటనల్లో చికిత్స అని రాసుకునే మీరు రసీదులో మాత్రం ‘వెల్‌నెస్ సేవ’ అని ఎందుకు రాశారో ఆ రోజే అడగవలసింది, కానీ నొప్పితో వచ్చిన మనిషికి రసీదు చదివే ఓపిక ఉండదు.

మసాజ్ గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. చిన్నప్పుడు మా ఊళ్లో పసిపిల్లలకు నూనె మర్దన చేసి నీళ్లు పోసే ముసలమ్మల చేతుల్లో చూసిన ఒడుపు మీ దగ్గర పనిచేసే ఆ అమ్మాయి చేతుల్లో ఉంది. ఎక్కడ గట్టిగా ఉందో తడిమి చూసి, నన్ను అడిగి మరీ నొక్కేది. మూడు సిట్టింగులకే జడ వేసుకోగలిగాను. నా మాత్రల సంగతి అడిగి తెలుసుకున్నది కూడా ఆమె ఒక్కతే. వీపు మీద జోరుగా చేయవద్దని కైరోప్రాక్టిక్ చేసే సార్‌కి చెబుతానంది. ఈ లేఖ వల్ల ఆమె ఉద్యోగానికి ఏ ఇబ్బందీ రాకూడదని ప్రత్యేకంగా కోరుతున్నాను.

కైరోప్రాక్టిక్ సిట్టింగులు నాలుగు జరిగాయి. బోర్లా పడుకోబెట్టి, రెండు అరచేతులూ వెన్ను మీద ఆనించి, ఊపిరి వదలమని చెప్పి ఒక్కసారిగా కిందికి తోసేవారు. చప్పుడు వచ్చిన ప్రతిసారీ “చూశారా, ఎముక సర్దుకుంది” అనేవారు. మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ అలాంటి చప్పుడే. కీలులోని ద్రవంలో వాయువు బుడగ కట్టడం వల్ల వచ్చే ఆ శబ్దం ఎముక చోటు మారిందనడానికి సాక్ష్యం కాదు. పైగా వీపు పైభాగంలోని 12 వెన్నుపూసలకూ పక్కటెముకలు కలిసి ఉంటాయి కాబట్టి అక్కడ వేసిన బరువు వాటి మీద కూడా పడుతుంది. జనవరి 30న నాలుగో సిట్టింగులో ఎడమవైపు కలుక్కుమంది. ఆ మాట అంటే, మొదట్లో అలాగే ఉంటుందని చెప్పి మిగతాది పూర్తి చేశారు. ఆ రాత్రంతా నిండుగా ఊపిరి పీల్చలేకపోయాను. మర్నాడు ఎముకల వైద్యుడు ఎక్స్‌రే తీయించి, ఎడమ ఏడో పక్కటెముకలో సన్నని పగులు ఉందనీ, ఇలాంటి ఎముకలున్న వారికి ఆ కుదుపు పనికిరాదనీ చెప్పారు. ఉబ్బసం మనిషికి పక్కటెముక పగిలితే ప్రతి దగ్గూ ఒక గండమే. ఆరు వారాలు దిండును గుండెకు అదుముకుని దగ్గాను.

ఈ వైద్య పద్ధతి మీద నాకు ద్వేషం లేదు. 1895లో అమెరికాలో మొదలైన ఈ పద్ధతిని అక్కడ ఇవాళ ప్రత్యేక డిగ్రీ, రాష్ట్ర లైసెన్సు లేకుండా ఎవరూ వృత్తిగా చేపట్టలేరు. అందుకే, కోటు మీద డాక్టర్ అని రాసుకున్న మీ ఉద్యోగి ఎక్కడ, ఏమి చదివారో తెలపమని, సొమ్ము వాపసు కోరుతూ ఫిబ్రవరి 3న రాసిన లేఖలో అడిగాను. ఫిబ్రవరి 10న వచ్చిన మీ సమాధానంలో ఆ ఊసే లేదు. ప్యాకేజీకి వాపసు ఉండదనీ, మిగిలిన సిట్టింగులను మా కుటుంబంలో ఎవరికైనా బదలాయించుకోవచ్చనీ రాసి, రెండు వేల రూపాయల ఫేషియల్ కూపను జతచేశారు. మా కోడలికి చూపిస్తే ముందు నవ్వి, తర్వాత కోప్పడింది. కూపనును ఈ లేఖతోపాటు తిప్పి పంపుతున్నాను.

వాడుకోని 13 సిట్టింగులకు పన్నుతో కలిపి 23,010 రూపాయలు, గాయానికి దారితీసిన నాలుగు సిట్టింగులకు 7,080, వైద్య ఖర్చులకు 8,640, మొత్తం 38,730 రూపాయలు చెల్లించవలసిందిగా కోరుతున్నాను. మసాజ్ సిట్టింగులు మూడింటి సొమ్ము 5,310 రూపాయలు నేను అడగడం లేదు. ఆ సేవ నాకు సక్రమంగా అందింది. దీనితోపాటు ఆ ఉద్యోగి అర్హతల వివరాలు లిఖితపూర్వకంగా తెలపాలి. ఇన్‌హేలర్ మానేయవచ్చన్న వాక్యాన్ని కరపత్రం నుంచి తొలగించాలి. రోగి నింపిన ఫారాన్ని చికిత్స చేసే వ్యక్తే చదివి సంతకం చేసిన తర్వాతనే వీపు మీద చేయి వేసే ఏర్పాటు అన్ని శాఖల్లోనూ చేయాలి.

వాపసు ఉండదన్న షరతు నా రసీదులో ఎక్కడా లేదు. రసీదులో గడువు రాయనప్పుడు, లోపభూయిష్టమైన సేవకు తీసుకున్న సొమ్మును 30 రోజుల్లోగా తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది. ఆ 30 రోజులు ఇప్పటికే దాటిపోయాయి. ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా సమాధానం రాకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 నంబరులో ఫిర్యాదు నమోదు చేయించి, నేను నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

రసీదు, ఎక్స్‌రే నివేదిక, డెక్సా నివేదిక, వైద్య ఖర్చుల బిల్లుల నకళ్లు జతపరిచాను. నేను నింపిన ఫారం అసలు ప్రతి మీ వద్దనే ఉంది. దాని నకలు ఒకటి నాకు పంపగలరు.

భవదీయురాలు,
(సంతకం)
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు