మీ సీబీడీ ఆయిల్ పెట్టెలోని కాగితం గురించి ఫిర్యాదు

కంపెనీ వారికి,

మీ సీబీడీ (గంజాయి మొక్కలో ఉండే ఒక పదార్థం) ఆయిల్ పెట్టెలో ఉన్న కాగితం నమ్మి మా తమ్ముడికి ఇచ్చాం. వాడికి ఫిట్స్, దానికి క్లోబజామ్ అనే మందు వాడుతున్నాడు. ఇది సహజమైనది కాబట్టి ఏ మందుతోనైనా వాడొచ్చని మీరే రాశారు. వారం తిరక్కముందే పగలంతా మగతగా పడి ఉండటం, పిలిస్తే కళ్లు తెరవలేకపోవడం, ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. డాక్టర్‌ను అడక్కుండా ఇవ్వడం మా తప్పే, ఒప్పుకుంటాను. కానీ అడగాలనే మాట మీ కాగితంలో ఎక్కడుంది?

సీబీడీ మెదడులోని సీబీ1 రిసెప్టర్లను (కణాల మీద ఇలాంటి పదార్థాలు వచ్చి అతుక్కునే చోట్లను) పట్టుకుని ప్రశాంతతనిస్తుందని రాశారు. అలా నేరుగా వెళ్లి సీబీ1ను పనిచేయించేది గంజాయిలోనే ఉండే టీహెచ్‌సీ అనే ఇంకో పదార్థం, గంజాయితో మత్తు వచ్చేది దాని వల్లే. మన ఒంట్లోనే తయారయ్యే ఆనందమైడ్ (1992లో కనుక్కున్నారు, పేరు కూడా మన ‘ఆనందం’ నుంచే పెట్టారు) చేరే చోటికే టీహెచ్‌సీ కూడా చేరుతుంది, కాకపోతే ఆనందమైడ్‌ను ఎంజైములు చప్పున విరగ్గొట్టేస్తాయి, టీహెచ్‌సీ అంత తొందరగా పోదు. సీబీడీకి ఆ చోట పట్టు చాలా తక్కువ. ల్యాబ్ ప్రయోగాల్లో అయితే అది సీబీ1 మీద ఇంకో చోట చేరి టీహెచ్‌సీ జోరును తగ్గించింది, అంటే మీరు రాసినదానికి దాదాపు తిరగేసిన సంగతి.

అసలు ప్రమాదం రిసెప్టర్ల దగ్గర కాదు, కాలేయంలో ఉంది. క్లోబజామ్ ఒంట్లో మారి ఇంకో పదార్థమవుతుంది, దానికీ మగత పుట్టించే గుణముంది, దాన్ని వదిలించే పని సీవైపీ2సీ19 అనే ఎంజైముది. సీబీడీ ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. ఇక ఆ మగత పుట్టించే పదార్థం రక్తంలో పేరుకుపోతుంది. మా డాక్టర్ మీ సీసా చూడగానే చెప్పిన మాట ఇదే, ఆపించిన కొద్ది రోజులకు వాడు తేరుకున్నాడు. ఇదేం ఎవరికీ తెలియని రహస్యం కాదు, 2018లో అమెరికాలో ఫిట్స్‌కు అనుమతి పొందిన సీబీడీ మందు వివరాల్లోనే క్లోబజామ్‌తో కలిస్తే మగత పెరుగుతుందనీ, కాలేయాన్ని పరీక్షిస్తూ ఉండాలనీ రాసి ఉంది.

డబ్బు వాపసు నాకు అక్కర్లేదు. ఆ కాగితం మార్చండి, ఫిట్స్ మందులూ రక్తం పలచబడే వార్ఫరిన్ లాంటివీ వాడేవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా ముట్టుకోవద్దని సీసా మీదే పెద్దక్షరాల్లో వేయండి. మేం కొన్న బ్యాచ్‌లో టీహెచ్‌సీ ఎంత ఉందో ల్యాబ్ రిపోర్టు కూడా పంపండి. అందరికీ పంపే రెడీమేడ్ జవాబు వద్దు, మందుల సంగతి తెలిసిన మనిషి చేత రాయించండి.

ఇట్లు,
మీ సరుకు కొన్న ఒక అక్క