డోలు తాతకు కట్నం

అరేయ్ దోస్త్,

దుబాయి నుంచి నువ్వు పంపిన మూడు వేలు ముట్టాయి. లెక్క కిందికి రాస్తా, ముందు జరిగిన తమాషా విను.

సంక్రాంతికి పది రోజుల ముందు మన డోలు తాత బండి మీద నుంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. డోలు కొట్టి మల్లన్న కథలు చెప్పే ఒగ్గు వాళ్లకు ఐనవోలు మల్లన్న జాతర అంటే ఏంటో నీకు చెప్పేదేముంది? సంక్రాంతి నుంచి ఉగాది దాకా పట్నాలు (దేవుడి ముందు వేసే రంగుల ముగ్గులు), కథలు, బోనాలు. ఆ రెండున్నర నెలల సంపాదన మీదే ఏడాదంతా ఇల్లు నడవాలి. చేతికి కట్టు పడ్డ రోజే ఆ ఏడాది పోయింది.

చందాలు వేసి, శాలువా కప్పి, కవరు చేతిలో పెడదాం అనుకున్నాం. ఆ మాట చెప్పడానికి ఇంటికి పోతే, తాత డోలును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎడమ చేతి వేలితో తోలు మీద రెండు సార్లు తట్టి, "విన్నవా? మూగవోయింది" అన్నాడు. మేము చందా మాట ఎత్తగానే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "అడుక్కొచ్చింది నాకొద్దు బిడ్డా. కథ పెట్టియ్యుండ్రి. విన్నోళ్లు కట్నం ఏస్తే కళ్లకు అద్దుకుని తీసుకుంట."

కట్నం అంటే కథ మెచ్చి జనం ఇచ్చే డబ్బే కదా. అక్కడే మాకు బుద్ధి వచ్చింది, కథే పెట్టిద్దాం అనుకున్నాం. ఆ శాలువా మీద నాకు ముందు నుంచీ అనుమానమే అనుకో, శాలువాతో అన్నం ఉడుకుతుందా? పద్మశ్రీకి కూడా డబ్బు రాదు తెలుసా? మన జనగామ వైపు చిందు యక్షగానం గడ్డం సమ్మయ్యకు 2024లో వచ్చింది, మణుగూరు డోలు సకిని రామచంద్రయ్యకు 2022లో వచ్చింది. పేరు మన అందరికీ గొప్పే, ఆ బిరుదుతో మాత్రం నగదు రాదు.

కథకు డబ్బు అడిగితే ఒక షాపు ఆయన "ఆదాయపు పన్ను మినహాయింపుకు 80జీ రసీదు ఇస్తారా?" అని అడిగాడు. అది రిజిస్టరైన ట్రస్టు ఇవ్వాలి, మనం ఆరుగురం దోస్తులం అని చెప్పా. పైగా రెండు వేలు దాటి నగదు ఇస్తే ఆ మినహాయింపు రాదన్నా. దాంతో జేబులోంచి సరిగ్గా ఐదు వందలే తీశాడు మహానుభావుడు!

శనివారం రాత్రి ఊరి బొడ్రాయి దగ్గర మల్లన్న కథ. డిగ్రీ చదువుతున్న మనవడు డోలు కొట్టాడు. తాత పక్కనే కూర్చుని ఎడమ చేత్తో తొడ మీద దరువు వేస్తూనే ఉన్నాడు. పిల్లగాడు ఒకచోట తాళం తప్పితే వీపు మీద ఒక్కటి చరిచాడు. జనమంతా నవ్వారు, దరువు మళ్లీ దారికొచ్చింది. కట్నం పడ్డప్పుడల్లా కథ ఆపి పేరు చదవాలి కదా, నీ పేరు వచ్చేసరికి తాత స్వయంగా మైకు లాక్కుని "దుబాయి దేశంల ఉన్న మన బిడ్డ, మల్లన్న చల్లగ జూడాలె" అన్నాడు. మీ అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇక లెక్క. ఫోన్ల మీద ముందే వచ్చింది 23,350. ఆ రాత్రి కట్నాలు 18,300. మొత్తం 41,650. మైకు, షామియానా 4,500, ఫ్లెక్సీ 1,200, మిగతా నలుగురు కళాకారులకు తలా రెండు వేలు. మిగిలిన 27,950 తాత చేతికి ఇచ్చాం. ఫ్లెక్సీ దండగ అని నేను మొదటి నుంచీ మొత్తుకున్నా. దాని మీద తాత ఫోటో కంటే మన వాళ్ల ఫోటోలే పెద్దవి. ఇప్పుడది ఎవరి బర్రెల కొట్టానికో కప్పుగా పోయింది.

తాత మొదట చేసిన పని డోలుకు కొత్త తోలు వేయించడం. మందుల బాకీ తర్వాతట. మేం కోప్పడితే, "చెయ్యి ఎట్లనన్న అతుక్కుంటది, ఇది మూగగ ఉంటే నిద్ర పడ్తలేదు" అన్నాడు.

వచ్చే సంక్రాంతికి సెలవు దొరుకుతుందేమో చూడు. కథ వీడియో పంపుతున్నా. డోలు మొదలైనప్పుడు కాస్త సౌండ్ తగ్గించుకో, మీ రూములో వాళ్లు లేస్తారు.

నీ దోస్తు